బొట్టుకు వదిలిన జాగా

కోరుట్ల చౌరస్తాలో ఫ్లెక్సీలకు కొదువ లేదు. పుట్టినరోజు వచ్చినా, పదవి వచ్చినా, రావాల్సిన పదవి రాకపోయినా ఎవరో ఒకరు చేతులు జోడించుకుని కరెంటు స్తంభం ఎక్కుతూనే ఉంటారు. ఊరంతా తిట్టుకునే ఆ ఫ్లెక్సీలే సరోజన మేడంకు పాఠ్యపుస్తకం. కాలేజీ తెరిచిన మొదటి వారమే ఆమె తన క్లాసు పిల్లలను తోలుకొచ్చి ఎర్రటి ఎండలో ఒక పెద్ద ఫ్లెక్సీ ముందు నిలబెట్టింది.

"ఒక్క నిమిషం మంచిగ చూడుండ్రి. ఇగ కండ్లు మూసుకోండ్రి. ఎవరి మొఖం యాదికున్నది?"

"నడుమ ఉన్నాయనది మేడం."

"కింద వరుసల ఎవరెవరున్నరు?"

ఒక్కరికీ గుర్తు లేదు.

"మరి నడుమాయన మొఖమే ఎందుకు యాదికున్నది?"

"పైసలిచ్చింది ఆయనే గదా మేడం," అన్నాడు రమేశ్. చౌరస్తాలో సగం ఫ్లెక్సీలు వాళ్ల బాబాయి దుకాణంలో అచ్చయినవే. కాబట్టి ఈ విషయంలో వాడి మాటకు తిరుగులేదని పిల్లలంతా నవ్వారు.

"మీ బాబాయికి ఇచ్చిండు, సరే. నీ కన్నుకేమిచ్చిండురా?"

రమేశ్ నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

"మొఖం పెద్దగ పెట్టిండు, చుట్టూ జాగా తెల్లగ ఇడిసిండు, జోడించిన చేతులు నీ దిక్కు జేసిండు. నీకు తెల్వకుంటనే నువ్వు ఆయన దిక్కు చూసినవ్. గట్ల కన్నును పట్టి తెచ్చుకునుడు, తెచ్చుకొని మనసును ఒప్పిచ్చుడు, గిదే ఈ యేడు మనం సదివేది," అంది సరోజన.

ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో టెక్నికల్ కమ్యూనికేషన్ అనే కోర్సు కొత్తగా పెట్టారు. మిషన్‌తోపాటు వచ్చే పుస్తకం, మందు సీసా మీద హెచ్చరిక, లిఫ్టులో అంటించే బొమ్మ, ఇలాంటివి రాయడం, గీయడం నేర్పే చదువది. ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ సారుకు మాత్రం అది స్పోకెన్ ఇంగ్లిష్‌కు చిన్నచెల్లెలిలా కనిపించేది. సరోజన కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి. పుట్టింది బీర్పూర్‌లో, కూలిచేసుకునే ఇంట్లో. ఇప్పుడు ఉండేది జగిత్యాలలో. పొద్దున్నే బస్సెక్కి కోరుట్లకు వస్తుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటుందని స్టాఫ్‌రూంలో ఆమెకు పేరు. ఆ మాట చెవిన పడితే ఆమెకు కోపం రాదు. "లెక్కబెట్టి చూసినంకనే అంట," అని టీ తాగుతుంది.

ఆ క్లాసులో శ్రావణి అని సిరిసిల్ల పిల్ల ఉంది. హాస్టల్లో ఉంటుంది, శనివారం ఇంటికి పోయి సోమవారం వస్తుంది. వచ్చిన సోమవారమల్లా క్లాసులో తూగుతుంది. మూడో సోమవారం సరోజన ఆమెను వరండాలోకి పిలిచింది.

"రాత్రంత ఫోన్ల సినిమాలు చూస్తవా?"

"కాదు మేడం. నిన్న కాండెల మిషన్ మీద కూసున్న. రెండు షిఫ్టులు."

సంగతి మెల్లగా బయటికొచ్చింది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడవాలంటే ముందు నూలును చిన్న చిన్న కాండెలకు చుట్టాలి. ఆ పని ఆడవాళ్లది. శ్రావణి తల్లి మల్లక్క ప్రకాశ్ సేటు కార్ఖానాలో ఏళ్లుగా అదే పని చేసింది. పోయిన ఎండాకాలం ఆమె చీర కొంగు మిషన్‌ను తిప్పే మోటారు పట్టాలో పడింది. కొంగును లాగబోతే కుడిచెయ్యిని లాక్కుపోయింది. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు పోయాయి. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి. ఆ రోజు నుంచి మల్లక్క కార్ఖానా గడప తొక్కలేదు. చెయ్యిని కొంగు కింద దాచుకుని ఇంట్లోనే ఉంటోంది. ఆమె జాగా ఇంకొకరికి పోకుండా వారమంతా పక్క మిషన్ రాములవ్వ సర్దుతుంది, ఆదివారం శ్రావణి కూర్చుంటుంది.

"అదే మిషన్ మీదనా?" అంది సరోజన.

"అదే మేడం."

శ్రావణి చేతులు వరండా పిట్టగోడ మీద ఉన్నాయి. పది వేళ్లూ ఉన్నాయి. సరోజన వాటిని చూసి, మళ్లీ చూసింది. ఆ చేతులకు ఏమీ కాకూడదు. అంతకు మించి ఆ ఏడాది ఆమెకు ఏ సిలబసూ కనిపించలేదు. ఆ పూటే క్లాసులో చెప్పేసింది, ఈసారి ప్రాజెక్టు ఆ కాండెల మిషనేనని. "బొమ్మ గీసుడు, అంటిచ్చుడు కాదు. అది పనిజేసేదాక ఇడిసేది లేదు. మార్కులు కూడా అప్పుడే."

ముందు ఆమె ఒక్కతే సిరిసిల్ల వెళ్లి ప్రకాశ్ సేటును కలిసింది. ఆయన చెడ్డవాడేం కాదు. మల్లక్క ఆసుపత్రి ఖర్చంతా ఆయనే భరించాడు, పండక్కి చీర కూడా పంపాడు. పట్టాకు అడ్డంగా ఇనుప జాలీ పెట్టించమంటే మాత్రం తల గోక్కున్నాడు.

"జాలీ ఉండె మేడం. పట్టా జారినప్పుడల్ల జాలీ ఇప్పాలె, మల్ల బిగియ్యాలె. పని ఆగుతున్నదని ఆళ్లే తీసి పక్కకు పడేసిన్రు. నేనేం జెయ్యాలె?"

"మీరు మల్ల పెట్టియ్యాలె."

"చూద్దాం. ముందుగాల మీ పోరగాండ్ల బొమ్మలు పెట్టుండ్రి, నేనొద్దంటనా?"

బొమ్మలు పెట్టనివ్వడానికి ఆయనకు పోయేదేముంది? జాలీ సంగతి అటకెక్కింది.

బొమ్మ గీసింది రమేశ్. కంప్యూటర్ ముందు కూర్చుంటే వాడికి తిండీ తిప్పలూ గుర్తుండవు. పసుపుపచ్చ ముక్కోణం, మధ్యలో చక్రం పళ్ల మధ్య నలుగుతున్న ఎర్రటి చెయ్యి, కింద ఎర్ర అక్షరాల్లో 'ప్రమాదం'. పుస్తకంలో ఏ దేశపు హెచ్చరిక చూసినా అవే రంగులు. సరోజన కూడా సరేనంది. బాబాయి దుకాణంలోనే స్టిక్కర్లు అచ్చేయించి, బతుకమ్మ పండుగకు ముందు పిల్లలంతా పోయి, మిషన్లన్నిటికీ పట్టా పక్కన ఉన్న ఇనుప రేకు మీద అంటించి వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. ఫోటోలు చూసి శ్యాంసుందర్ సారు పొంగిపోయాడు. హైదరాబాద్‌లో కాలేజీ పిల్లల పోస్టర్ల పోటీ ఉంది, దానికి ఇదే పంపుదామన్నాడు. కాలేజీ గేటు మీద కట్టే ఫ్లెక్సీలో తన ఫోటో ఎక్కడుండాలో కూడా అప్పుడే అనుకుని ఉంటాడు.

దసరా వెళ్లాక వచ్చిన ఆదివారం సరోజన జగిత్యాల చర్చిలో ప్రార్థన ముగించుకుని, తెల్ల చీరతోనే వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కింది. తాము పెట్టిన బొమ్మ ఏం చేస్తోందో కళ్లారా చూడాలి. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

కార్ఖానాలో సాంచాల చప్పుడుకు పక్కనున్న మనిషి మాట వినపడదు. కాండెల గదిలో కాస్త నయం. తలుపు దగ్గరే సరోజన ఆగిపోయింది. ప్రతి స్టిక్కర్ మీదా పసుపు రాసి ఉంది. దాని మీద కుంకుమ బొట్టు ఉంది. ఒకదాని మూలకు ఎండిపోయిన బంతిపువ్వు గుచ్చారు. నలుగుతున్న చెయ్యి బొమ్మ పసుపు కింద ఎక్కడో మునిగిపోయింది.

దసరాకు పనిముట్లకు పూజ చేస్తారని ఆమెకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. మోటారు బండికి, కొడవలికి, చివరికి కంప్యూటర్‌కు కూడా బొట్టు పెడతారు. తెలిసిందే అయినా గీసేటప్పుడు తట్టలేదు.

"బాగున్నదా మేడం?" రాములవ్వ నవ్వుతూ ఎదురొచ్చింది. "మీ పోరగాండ్లు మంచి కాయితం పెట్టిన్రు. పసుపు కుంకుమ రంగుల మిషన్‌కు ఎంత కళొచ్చింది! మునుపు బొట్టు పెడ్దామంటే మిషన్‌కు నూనె మరకలే ఉండె."

"అది ఏంది అనుకున్నవ్ అవ్వా?"

"దేవునిదే గద? చెయ్యి బొమ్మ గూడ ఉండె. దీవిస్తున్నట్టు."

వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ భూతాన్ని గీస్తే దేవుడయ్యాడు. సరోజనకు నవ్వొచ్చేదే, కానీ అప్పుడే షిఫ్టు మారింది.

షిఫ్టు మారేటప్పుడు మోటారు ఆపరు. ఒకామె లేస్తుంది, ఆ వేడి చల్లారకముందే ఇంకొకామె కూర్చుంటుంది. కూర్చునే ముందు మిషన్‌ను తాకి చెయ్యి కళ్లకద్దుకుంటుంది. ఆ అలవాటు ఇవాళ్టిది కాదు. ఇదివరకు ఎవరికి అందిన మూల వాళ్లు తాకేవారు. ఇప్పుడు తాకడానికి బొట్టున్న చోటొకటి దొరికింది. వచ్చిన ప్రతి ఆడమనిషీ వంగి, తిరుగుతున్న పట్టాకు జానెడు దూరంలో ఉన్న స్టిక్కర్‌ను తాకి, కళ్లకద్దుకుని కూర్చుంటోంది.

చివరగా శ్రావణి వచ్చింది. మేడం తలుపు దగ్గర ఉన్నట్టు చూడలేదు. వంగింది. చున్నీ చెంగు భుజం మీంచి జారి పట్టా వైపు ఊగింది. ఆ స్టిక్కర్ అంటించిన పిల్లే, దానిలో ఏ గీత ఎందుకు గీశారో తెలిసిన పిల్లే, కుడిచెయ్యి చాపి దాన్ని తాకి కళ్లకద్దుకుంది.

"శ్రావణీ!"

ఆ కేకకు గదిలో అందరూ తిరిగి చూశారు. శ్రావణి ఒక అడుగు వెనక్కి వేసి తన చేతిని చూసుకుంది. తరువాత స్టిక్కర్‌ను చూసింది. పిల్ల మొహం పాలిపోయింది. సరోజనకు భయం వేసింది, దానికి మించి తన మీద తనకే కోపం వచ్చింది. దూరంగా ఉండమని చెప్పడానికి పెట్టిన బొమ్మ, రమ్మని చేతులను పిలుస్తోంది. ఆమె గోళ్లతో గీకి గీకి ఆ గదిలోని స్టిక్కర్లన్నీ పీకేసింది. రాములవ్వ నొచ్చుకుంది. "దేవుని కాయితం అట్ల గీకుతరా మేడం? మీకు పట్టింపు లేకపోతే లేకపాయె," అని గొణిగింది కూడా. సరోజన ఆమెకు దండం పెట్టి, "మంచిది పెడ్త అవ్వా, ఇది మంచిది కాదు," అని మాత్రం అనగలిగింది.

సోమవారం క్లాసులో ఈ సంగతి చెబితే రమేశ్‌కు రోషం వచ్చింది.

"ఆళ్లకు సమజ్ గాకపోతే మనమేం జేస్తం మేడం? దునియా మొత్తం అవే రంగులు."

"దునియా మొత్తం అచ్చి సిరిసిల్లల కాండెలు చుడుతదారా?"

"గట్ల కాదు మేడం..."

"ఎట్ల కాదు? ఆళ్లు తప్పు చూసిన్రు అనొద్దు. మనం తప్పు చూపిచ్చినం. పసుపు మీద ఎరుపు పెట్టినం. ఆ రంగులు చూస్తే ఆళ్లకు ఏం యాదికస్తది? పెండ్లి యాదికస్తది, పండుగ యాదికస్తది. భయం ఎక్కడికెల్లి రావాలె?" ఆమె చాక్‌పీసు బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది. "మీది సున్న మార్కుల బొమ్మ. దాన్ని సరేనన్న నాది గూడ సున్ననే. మల్ల మొదటికెల్లి."

ఈసారి గీయవద్దంది. వచ్చే ఆదివారం అందరూ కాండెల గదిలో గోడకు ఆనుకుని కూర్చోవాలి. మొహాలు చూడొద్దు, చేతులు చూడాలి. ఏ చెయ్యి ఎప్పుడు ఎక్కడికి పోతుందో గమనించాలి. పిల్లలు గొణుక్కున్నారు కానీ పోయారు. రమేశ్ మొదటి పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. రెండో పూటకు వాడి ముందు ఒక పెద్ద కాగితం, దాని మీద గీతల గుంపు తయారయ్యాయి. ఒక్కో చేతికి ఒక్కో గీత. పొద్దు గూకేసరికి ఆ గీతలన్నీ ఒకచోట చిక్కగా నల్లబడ్డాయి. అది మిషన్ కాదు. తలుపు పక్క గోడకున్న స్టార్టర్ డబ్బా.

"మేడం, కరెంటు పోయినప్పుడల్ల, అచ్చినప్పుడల్ల ఎవరో ఒకరు ఈడికే వస్తరు. సేటు గూడ పొద్దుగాల మోటార్ ఆన్ జేసేది ఈన్నే. షిఫ్టుకచ్చేటోళ్లు దీన్ని దాటే లోపలికి పోతరు. మనం బొమ్మ పెట్టింది పట్టా కాడ. పుండొకచోట, మందొకచోట."

"మరి మందు ఏడ పెడ్దాం?"

"ఈన్నే. కని ఏం గీయాలె?"

దానికి జవాబు బస్సులో వస్తుంటే శ్రావణి చెప్పింది. చెయ్యి నలిగిన బొమ్మ వద్దంది. నలిగిన చెయ్యి ఇంట్లో రోజూ చూస్తున్నామని, దాన్ని చూసి ఏం చేయాలో ఎవరికీ తెలియదని అంది. "చెయ్యాల్సింది గీద్దాం మేడం. మిషన్ మీద కూసునే ముందు కొంగు నడుముకు చెక్కుకోవాలె. గంతే. కొంగు చెక్కుకున్న ఆడామెను గీద్దాం."

"బొట్టు మల్ల పెడ్తరు," అన్నాడు రమేశ్. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి మళ్లీ తిరిగాడు. "పెడ్తే పెట్టనీ మేడం. పెట్టేటందుకు మనమే జాగా ఇద్దాం. కొంగు చెక్కినకాడ, నడుముకాడ, గుండ్రంగ తెల్లగ ఇడిసిపెడ్త. బొట్టు పెట్టినా, తాకి మొక్కినా, చెయ్యి ఆ చెక్కిన కొంగు మీదికే పోవాలె."

సరోజనకు ఏడాది మొదట ఫ్లెక్సీ కింద నోరు తెరిచి మూసుకున్న పోరడేనా వీడు అనిపించింది. పొగిడితే ఆగిపోతాడని పైకి మాత్రం, "బొట్టు పెట్టనోళ్లు గూడ ఉంటరు కదరా," అంది.

"పెట్టనోళ్లు తాకరా మేడం?"

తాకుతారు. సరోజన తల్లి బుచ్చవ్వ బొట్టు పెట్టదు, కానీ సారంగాపూర్ పొలాల్లో కోతకు పోయినన్ని రోజులూ కొడవలిని కళ్లకద్దుకోకుండా మడిలో దిగలేదు. అన్నం పెట్టే దాన్ని తాకి మొక్కడానికి ఏ దేవుడైనా ఏం అడ్డం చెబుతాడు? సరోజన తలూపింది.

ఈలోపు పోటీ గడువు దగ్గరపడింది. శ్యాంసుందర్ సారు పాత పోస్టర్‌నే పెద్దగా అచ్చేయించి బల్ల మీద పరిచి, ప్రాజెక్టు నడిపిన వాళ్ల సంతకం కావాలని సరోజనను పిలిచాడు.

"ఇది పంపొద్దు సార్. ఇది పనిజేస్తలేదు. చేతులను పట్టా కాడికి తోలుకపోతున్నది."

"హైదరాబాద్‌ల పట్టా ఎక్కడుంటది మేడం? ఆళ్లు రంగులు చూస్తరు, ఫోటోలు చూస్తరు. ఫోటోలల్ల మస్తుగ ఉన్నది."

"ఇంట గెలిచినంక రచ్చ గెలుద్దాం సార్."

"వచ్చే యేడు మీ కాంట్రాక్టు గురించి గూడ జెర ఆలోచన చేసుకోండ్రి," అన్నాడాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

సరోజనకు జగిత్యాలలో అద్దె ఇల్లు, చదువుకుంటున్న కొడుకు గుర్తొచ్చారు. భయం వేయలేదంటే అబద్ధం. అయినా స్టిక్కర్ మీదికి వంగిన ఆ పిల్ల చెయ్యి కళ్ల ముందు నుంచి పోలేదు.

"తీసేస్తే తీసేయుండ్రి సార్. ఈ కాయితం కింద మాత్రం నా పేరు పెట్టను," అని లేచి వచ్చేసింది. ఆ పోస్టర్ పోటీకి పోలేదు. సారు ఆమెతో మాట్లాడటం మానేశాడు. స్టాఫ్‌రూంలో కుందేటి మాట మళ్లీ ఒకసారి వినబడింది.

కొత్త బొమ్మ తయారవడానికి వారం పట్టింది. కాగితం కాదు, గోడకు బిగించే రేకు పలక. పసుపు నేల మీద కుంకుమ రంగు చీర కట్టిన ఆడమనిషి నిండుగా నిలబడి ఉంది. కొంగు నడుము చుట్టూ తిప్పి బిగించి చెక్కి ఉంది. చెక్కిన చోట బొట్టంత తెల్లని గుండ్రం. అక్షరం ముక్క లేదు. శుక్రవారం పొద్దున్నే షిఫ్టు మొదలు కాకముందు అందరూ కార్ఖానాకు చేరారు. రమేశ్ స్టార్టర్ డబ్బా పక్కన కంటికి ఎదురుగా పలక బిగించాడు. ప్రకాశ్ సేటు టీ గ్లాసుతో వచ్చి చూశాడు.

"మంచిగున్నది. జాలీ కంటె ఇదే నయం," అన్నాడు.

"ఇది జాలీ కాదు సేటు. జాలీ జాలీయే," అంది సరోజన. ఆయన విననట్టు టీ తాగాడు.

రాములవ్వ మాత్రం పలకను పైకీ కిందికీ చూసి, ఆ తెల్లటి గుండ్రం దగ్గర ఆగింది. "ఈడ బొట్టు పెట్టాల్నా?" అని అడిగింది. ఎవరూ చెప్పకుండానే ఆ మాట వచ్చినందుకు పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. రాములవ్వ కుంకుమ భరిణె తెచ్చి సరోజన ముందుకు చాపింది. "మొదలు మీరే పెట్టుండ్రి మేడం. మీరు తెచ్చిందే గద. మొన్న నేనో మాటన్న, మనసుల పెట్టుకోకుండ్రి."

"నేను ప్రార్థనకు పోయేదాన్ని అవ్వా. పెట్టినా తప్పు లేదు. కని నాకంటె పెట్టేటోళ్లు ఇంకొకరున్నరు."

ఆమె తలుపు వైపు చూసింది. గడప అవతల మల్లక్క నిలబడి ఉంది. కూతురు బతిమాలి బతిమాలి అంతదూరం తీసుకొచ్చింది కానీ లోపలికి రాలేదు. కుడిచెయ్యి ఎప్పటిలాగే కొంగు కింద ఉంది.

"నేనెందుకు మేడం? నా చెయ్యి మంచిది కాదు. పదిమంది పనిజేసేకాడ నా చేతితోని బొట్టు పెట్టిపిస్తరా?"

"నీ చెయ్యి మంచిది కాదని ఎవరన్నరు మల్లక్కా?"

"ఎవరనాలె? నేనే అనుకుంటున్న."

శ్రావణి తల్లి భుజం పట్టుకుంది. "అమ్మా, నేను ఆదివారం ఆ మిషన్ మీదనే కూసోవాలె. నువ్వు పెడ్తే నాకు ధైర్యం."

మల్లక్క కూతురి మొహంలోకి చూసింది. గడప దాటింది. కొంగు కింది నుంచి చెయ్యి బయటికి తీసి భరిణెలో పెట్టబోయి ఆగిపోయింది. బొట్టు పెట్టేది ఉంగరపు వేలితో. ఆ వేలు లేదు. ఎడమచేత్తో పెట్టరు. మల్లక్క బొటనవేలు కుంకుమలో ముంచి, తెల్లని గుండ్రం మీద ఒత్తింది.

అది బొట్టులా పడలేదు. వెడల్పుగా, పొడుగ్గా, బొటనవేలి గీతలతో సహా ఎర్రగా అచ్చు పడింది. గుండ్రం దాటి చెక్కిన కొంగు మీదికి కూడా పాకింది. పక్కన పోయిన మూడు వేళ్ల జాగా ఖాళీగా, ఆమె చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. అందరూ ఆ చెయ్యినీ, ఆ అచ్చునూ ఒక్కసారే చూశారు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆ చెయ్యిని అలా చూసినవాళ్లు లేరు.

ముందుగా రాములవ్వ కదిలింది. కొంగు తీసి నడుము చుట్టూ తిప్పి బిగించి చెక్కుకుంది. ఆ అచ్చును తాకి కళ్లకద్దుకుని తన మిషన్ దగ్గరికి పోయింది. ఆమె వెనుక ఇంకొకామె, ఆ వెనుక ఇంకొకామె. శ్రావణి చున్నీని నడుముకు ముడేసుకుంది. ఒక్కరికీ చెప్పాల్సిన పని పడలేదు. సరోజన గోడకు ఆనుకుని నిలబడి కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటున్నట్టు పిల్లలకు కనబడినా పట్టించుకోలేదు.

మోటారు ఆన్ చేయాల్సింది ప్రకాశ్ సేటు. టీ గ్లాసు కింద పెట్టి స్టార్టర్ దగ్గరికి వచ్చాడు. బటన్ మీదికి వేలు చాపాడు. బటన్ పక్కనే, కంటికి ఎదురుగా, ఆ ఎర్రటి బొటనవేలి అచ్చు ఉంది. రేపూ ఉంటుంది. ఎల్లుండీ ఉంటుంది. ఆయన చాపిన వేలు గాలిలోనే ఆగింది. ఒకసారి మల్లక్క వైపు చూడబోయి చూడలేకపోయాడు.

"శేఖర్‌కు ఫోన్ గొట్టుండ్రి," అన్నాడు గుమాస్తాతో. "వెల్డింగ్ సామాన్ పట్టుకొని రమ్మను. జాలీల కొలతలు తీసుకోవాలె. ఇప్పుకుంట బిగిచ్చుకుంట తిప్పలు గాకుంట, తలుపు లెక్క తెరిచేటట్టు మడత బందులు పెట్టమను. ఆయన అచ్చేదాక మోటార్ నడువది."

ఆ పూట కాండెల గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. శేఖర్ వచ్చి కొలతలు తీసుకున్నాక కానీ బస్సెక్కనని సరోజన అక్కడే కూర్చుంది. మాట మీద నమ్మకం లేక కాదు, కళ్లతో చూస్తే కానీ ఆమెకు తృప్తి ఉండదు.

పది రోజుల్లో పక్క కార్ఖానాల వాళ్లు కూడా అలాంటి పలకలు కావాలని కబురు పంపారు. రమేశ్ ఉత్సాహంగా కంప్యూటర్ ముందు కూర్చుని, మల్లక్క వేలి అచ్చును ఫోటో తీసి తెల్లని గుండ్రంలో అతికించాడు. అన్నిటి మీదా అదే అచ్చు వేసేద్దాం మేడం అన్నాడు. సరోజన ఆ నమూనాను శ్రావణి చేతికిచ్చి ఇంటికి పంపింది, ఆమె తల్లి ఒప్పుకుంటుందో లేదో కనుక్కొమ్మని.

ఆదివారం ఫోన్ చేసింది మల్లక్కే.

"అచ్చేసుడు వద్దు మేడం. గుండ్రం తెల్లగనే ఇడిసిపెట్టుండ్రి. ఏ కార్ఖానా ఎప్పుడో చెప్పుండ్రి, నేనే అచ్చి పెడ్త."

చెప్పినట్టే వచ్చింది. నెహ్రూ విగ్రహం దాటాక ఉన్న కార్ఖానా ముందు సరోజన, పిల్లలు పలకలు పట్టుకుని నిలబడి ఉంటే, వీధి మలుపు తిరిగి వస్తూ కనిపించింది. కుడిచేతిలో కుంకుమ భరిణె ఉంది, మిగిలిన రెండు వేళ్లతో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఎదురొచ్చిన వాళ్లు పలకరిస్తే ఆ చేతినే ఎత్తి జవాబు చెబుతోంది. దాన్ని దాచుకోవడానికి కొంగు ఖాళీగా లేదు. నడుముకు చెక్కి ఉంది.